కరికాలుడి చేత గట్టు కట్టించిందెవరు?

పోయిన నెల మా ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెద్దనాయన ఒక ఫార్వర్డ్ పెట్టాడు. పైన తమిళనాట కావేరి మీదున్న కల్లణై ఫొటో. కింద నాలుగు లైన్లు: రెండు వేల ఏళ్ళ కిందట ఈ ఆనకట్ట కట్టించింది మన తెలుగు చోళుడు కరికాలుడేననీ, ఈ సంగతి పదిమందికీ చెప్పాలనీ. అరగంటలో గ్రూపంతా దణ్ణాలూ చప్పట్లూ. నేనేమీ రాయలేదు. రెండు ముక్కల్లో తేలేది కాదది.

మేం చెన్నైలో ఉంటాం. కింది వాటాలో ఒక టీచరమ్మ ఉంటారు, బళ్ళో తమిళం చెప్పి రిటైరయ్యారు. ఆ సాయంత్రం మాటల్లో ఈ ఫార్వర్డ్ సంగతి చెప్తే ఆవిడకి కోపమొచ్చింది. "కరికాలన్ తమిళరాజు. పొరునరాట్రుప్పడై చదవండి, పట్టినప్పాలై చదవండి. అందులో తెలుగు ఎక్కడుంది?" అన్నారు.

నిజమే, లేదు. ఆ రెండూ కరికాలుడి మీద కట్టిన పాత తమిళ పాటలు. "మరి ఆ రెండు పాటల్లో కల్లణై ఎక్కడుందండీ?" అని అడిగాను. వాదానికి కాదు, నిజంగానే తెలుసుకుందామని. ఆవిడ కాసేపు ఊరుకుని, "కావేరి ఉంది" అన్నారు.

ఆ రోజు నుంచీ ఇదే బుర్రలో తిరుగుతోంది. కరికాలుడు తమిళుడే, అందులో నాకు ఆవగింజంత అనుమానం లేదు. కానీ కావేరికి గట్లు కట్టిన కరికాలుడు అంటామే, ఆ కరికాలుణ్ణి మొదట రాతలోకి ఎక్కించింది, మనకు దొరికిన ఆధారాల్లో, తమిళదేశం కాదు. మా కడప జిల్లా. పెద్దనాయన ఫార్వర్డూ తప్పే, టీచరమ్మ కోపంలోనూ ఒక సంగతి తప్పిపోయింది. ఆ తప్పిపోయిన సంగతే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనబడుతోంది.

('పొన్నియిన్ సెల్వన్' సినిమా చూసినవాళ్ళకి ఒక మాట. అందులో హత్యకి గురైన ఆదిత్య కరికాలుడు వేరు. అతను 10వ శతాబ్దం వాడు, రాజరాజ చోళుడి అన్న. నేను చెప్పేది అతనికి దాదాపు ఎనిమిది వందల ఏళ్ళ ముందు, క్రీ.శ. 2వ శతాబ్దం ప్రాంతంలో ఉన్నాడని చెప్పుకునే సంగకాలపు, అంటే తొలినాటి తమిళ పాటల కాలపు, కరికాలుడి గురించి.)

పాటల్లో ఉన్నవాడు

టీచరమ్మ దగ్గర కూర్చుని ఆ రెండు పాటలూ కొద్దికొద్దిగా చెప్పించుకున్నాను. పొరునరాట్రుప్పడైలో ఒక కళాకారుడు ఇంకొకడికి దారి చెప్తాడు: ఫలానా రాజు దగ్గరికి వెళ్ళు, నా బతుకు ఎలా మారిందో చూడు, అని. రాజు దగ్గరికి వెళ్ళకముందు తన ఒంటిమీద బట్ట ఎలా ఉండేదో చెప్తాడు. ఆవిడ "ఈరుం పేనుం" అని చదివారు. నాకు అర్థం చెప్పక్కర్లేకపోయింది. ఈరూ పేనూ కాపురముండి, చెమటకి నాని, అతుకులేసి కుట్టిన పాత గుడ్డ. దాన్ని తీసేయించి రాజు కొత్త బట్ట కట్టబెట్టాడు. నేత కంటికి ఆననంత సన్నం, పాము కుబుసం లాంటిది. తర్వాత తిండి. రాత్రీ పగలూ మాంసం తిని తిని, మెట్టచేను దున్నిన నాగటికర్రులా పళ్ళు అరిగిపోయాయంటాడు. ఇక ఊరికి పోతానంటే నాలుగు తెల్లగుర్రాలు కట్టిన రథమిచ్చి, రాజు తనే వెనక ఏడడుగులు నడిచి సాగనంపాడు.

ఆ నాగటికర్రు పోలిక దగ్గర నేను ఆగిపోయాను. మా తాత కర్రు అరిగిపోతే కొలిమికి తీసుకుపోయి సాగదీయించేవాడు. ఆ మాట అన్నవాడు నాగలి పట్టిన మనుషుల మధ్య బతికినవాడు. ఆ రాజును చూసినవాడి కన్ను ఇందులో ఉందని నమ్మబుద్ధేస్తుంది.

ఇదే పాటలో వెణ్ణి యుద్ధం ఉంది. చేర, పాండ్య రాజులిద్దరూ ఒకే యుద్ధభూమిలో కూలారని ఉంది. తల్లి కడుపులో ఉండగానే రాజ్యానికి వారసుడయ్యాడనీ ఉంది. పట్టినప్పాలైలో కావేరిపట్టణం రేవు ఉంది. ఓడల్లో వచ్చిన గుర్రాలు, బళ్ళమీద వచ్చిన మిరియాల బస్తాలు, దక్షిణ సముద్రపు ముత్యాలు, తూర్పు సముద్రపు పగడాలు, ఈళం (సింహళం) నుంచి తిండిగింజలు. సుంకం వాళ్ళు మూటల మీద పులిముద్ర కొట్టి లోపలికి పంపడం ఉంది. రాజు చేసిన పనుల్లో ఈ రెండు ముక్కలున్నాయి: "కాడు కొన్రు నాడాక్కి, కుళం తొట్టు వళం పెరుక్కి". అడవి కొట్టి నాడు చేశాడు, చెరువులు తవ్వించి కలిమి పెంచాడు.

చెరువులు ఉన్నాయి. కావేరి గట్టు లేదు. కల్లణై అసలే లేదు. పాట మొదలే కావేరితో మొదలవుతుంది: శుక్రుడు దారి తప్పి దక్షిణానికి పోయినా, వానలు మొండిచెయ్యి చూపినా, కావేరి మాత్రం తప్పదు, నీళ్ళు పరుచుకుని బంగారం కూడబెడుతుంది, అని. నదిని అంతగా పొగిడి, తన రాజు ఆ నదికి గట్టు కట్టించి ఉంటే కవి చెప్పకుండా ఊరుకుంటాడా? పుచ్చుకునే బహుమానం చిన్నదేం కాదు. ఈ పాటకి పదహారు లక్షల పొన్ను ఇచ్చారని తర్వాతి కవి ఒకరు రాశారు.

అయినా నాకు అంత ధీమా లేదు. చెప్పనంత మాత్రాన జరగలేదని కాదు. మనిషి ఇంట్లో రోజూ తాగే నీళ్ళ గురించి పాట కట్టకపోవచ్చు. వారం తర్వాత టీచరమ్మే మెట్లెక్కి పైకొచ్చి, పుస్తకం తెరిచి, పొరునరాట్రుప్పడై చివరి లైన్లు చూపించారు. "సిఱైకొళ్ వేలి" అని ఉంది అక్కడ. కావేరి కాపాడే ఆ నాట్లో వేలి (నేల కొలత) భూమికి వెయ్యి కలాల (గింజల కొలత) వడ్లు పండుతాయని అర్థం. "సిఱై అంటే కట్ట. చూశారా, ఉంది!" అన్నారు. ఆవిడ కళ్ళల్లో ఆ వెలుగు చూసి నాకూ సంతోషమేసింది.

సిఱై మన 'చెర'కి చుట్టమే. నీటిని చెరపట్టిన పొలం అని చెప్పుకోవచ్చు. కానీ నాకు తోచినంతలో అది పొలం గెనిమ. నీళ్ళు నిలవడానికి మడి చుట్టూ రైతు వేసుకునే గెనిమ. రాజు నదికి వేయించిన కరకట్ట అని ఆ ఒక్క మాట పట్టుకుని చెప్పలేం. ఆవిడ ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఆవిడ మాటే నిజమైనా, అది ఒక మాట చాటున ఉన్న సూచన మాత్రమే. కరికాలుడి పేరుతో కావేరి గట్టును ముడివేసి చెప్పిన రాత మాత్రం వేరే చోటుంది.

గట్టు వేరు, ఆనకట్ట వేరు

అక్కడికి వెళ్ళేముందు ఒకటి తేల్చుకోవాలి. కరకట్ట నదికి పక్కన, నది పొడుగునా వేసేది. వరద ఊళ్ళమీద పడకుండా ఆపుతుంది. ఆనకట్ట నదికి అడ్డంగా వేసేది. నీటిమట్టం లేపి కాలవల్లోకి తిప్పుతుంది. గోదావరి, కృష్ణా డెల్టాల వాళ్ళకి ఇది చెప్పాల్సిన పనే లేదు.

కల్లణై రెండో రకం. కావేరి శ్రీరంగం ద్వీపం పైకొసన రెండుగా చీలుతుంది. ఒక పాయ కావేరి, ఇంకోటి కొళ్ళిడం. కొళ్ళిడం పల్లం. ద్వీపం కింది కొసన ఈ రెండు పాయలూ మళ్ళీ దగ్గరికొస్తాయి, అక్కడ కావేరి నీళ్ళన్నీ పల్లంలోకి జారిపోవాలని చూస్తాయి. అలా జారితే తంజావూరు డెల్టాకి నీళ్ళుండవు. ఆ జారే చోట వంకర్లు తిరుగుతూ, దాదాపు 329 మీటర్ల పొడవున వేసిన రాతికట్టే కల్లణై. ఇసకలో రాళ్ళు వేస్తే దిగబడతాయి, వాటిమీద మళ్ళీ రాళ్ళు, అవీ దిగబడితే మళ్ళీ, అలా కదలని పునాది ఏర్పడేదాకా.

శాసనాలు కరికాలుడి గురించి చెప్పేది 'కావేరీ తీరం' గురించి, అంటే గట్టు గురించి. అడ్డకట్ట గురించి కాదు. గట్టు నుంచి అడ్డకట్టకి దూకింది మన పాఠ్యపుస్తకాలు. మా అక్క కొడుకు క్విజ్‌లో కల్లణై కట్టించింది కరికాల చోళుడని రాసి మార్కు తెచ్చుకున్నాడు. వాడి మార్కు తీసేయమని నేను అనను. చాలా పాత కట్టడం, ఆ పేరు అంటిపెట్టుకుని చాలాకాలమైంది. కానీ ఆ ఒక్క లైన్లో 1804లో ఇంగ్లీషు ఇంజనీరు కాల్డ్‌వెల్ దాన్ని పరిశీలించడం, తర్వాత దాన్ని ఎత్తు పెంచడం, అంతకుముందు ప్రతి వరదకీ తెగిన చోటల్లా మళ్ళీ రాళ్ళు వేసిన తరాలు, అన్నీ మాయమైపోతాయి. ఆనకట్ట ఒకరోజు కట్టి వదిలేసేది కాదు, ప్రతి ఏడూ కట్టుకుంటూ పోయేది.

మాలెపాడు రాగిరేకులు

కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో మాలెపాడు ఉంది. అక్కడ దొరికిన రాగిశాసనం రేనాటి చోళుడు పుణ్యకుమారుడిది. రేనాడంటే అప్పటి మా కడప ప్రాంతం. లిపిని బట్టి 7, 8 శతాబ్దాల నాటిదంటారు. సంస్కృతంలో ఉంది. అందులో తన వంశాన్ని కరికాలుడి దగ్గర మొదలుపెట్టాడు. సూర్యవంశమనే మందరగిరి మీద మందారవృక్షం లాంటివాడట కరికాలుడు. ఒడ్డు దాటి పొర్లే కవేరకన్యను, అంటే కావేరిని, అదుపులో పెట్టడం లాంటి ఆశ్చర్యకరమైన పనులెన్నో చేశాడట.

కావేరి గట్టును కరికాలుడికి కట్టబెట్టిన రాతల్లో ఇప్పటికి దొరికినవాటిలో పాతది ఇదే. తంజావూరు చోళుల రాగిరేకులు, రాజేంద్రుడి కాలపు తిరువాలంగాడు శాసనం, ఆ మాట చెప్పేసరికి 11వ శతాబ్దం వచ్చేసింది.

ఇదే వంశంలో ధనంజయుడు అంతకుముందే, 575 ప్రాంతంలో, కలమళ్ళలో వేయించిన రాతిశాసనం మనకు దొరికిన మొదటి తెలుగు శాసనమని చదువుకున్నాం. "ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు రేనాండు ఏళన్" అని ఉంటుంది అందులో. అక్కడ కరికాలుడి ఊసు లేదు. ఊళ్ళో జనం భాషలో, రాతిమీద, ఏలేవాడి పేరూ ఏలే నాడి పేరూ సరిపోయాయి. సంస్కృతంలో, రాగిమీద, పండితులూ పక్క రాజులూ చదివే చోట ఒక గొప్ప తాత కావలసొచ్చాడు. ఇది నా ఊహ, శాసనం చెప్పిన మాట కాదు. కానీ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఇంకోలా అనిపించడం లేదు.

రేనాటి చోళులకి కరికాలుడి రక్తం నిజంగా ఉందా? తేల్చే దారి లేదు. చోళుల పాత రాజధాని ఉరైయూరు నుంచి ఒక కొమ్మ ఉత్తరానికి వచ్చి ఉండొచ్చు. అసలు నాకు అంతకంటే ఆసక్తి ఇంకోటుంది. తాతగా తెచ్చుకున్నవాడికి ఇన్ని గొప్పలుండగా, వెణ్ణి యుద్ధం వదిలేసి, రేవుపట్టణం వదిలేసి, నదిని అదుపు చేయడమే ఎందుకు ఎత్తుకున్నారు?

రేనాడు ఎలాంటి చోటో 640 ప్రాంతంలో ఈ దారిన వచ్చిన చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ రాసిన దాంట్లో కనబడుతుంది. అమరావతి వైపు నుంచి కంచికి పోయే దారిలో చోళదేశం (ఆయన రాతలో 'చులియ') ఒకటి చెప్పాడు. అది రేనాడేనని చాలామంది చరిత్రకారుల మాట. అడవులు, పాడుబడ్డ చోట్లు, పలచని జనం, బాహాటంగా తిరిగే దొంగలు. అలాంటి నేలని ఏలేవాడికి అడవి కొట్టి నాడు చేసిన తాత కంటే మంచి తాత ఎవరు దొరుకుతారు? పైగా ఆ నేలమీద పెన్న, చిత్రావతి, పాపఘ్ని, కుందేరు. కమలాపురం పక్కన పాపఘ్నిని చూసినవాళ్ళకి తెలుసు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసక, వానొచ్చిన వారం మాత్రం మనిషిని నిలవనీయదు. 2021 నవంబరులో దానిమీది వంతెన కూలిపోయింది. మా చిన్నాయన ఆ ఒడ్డున పొలం దగ్గర మూడు రోజులు చిక్కుకుపోయాడు. ఒడ్డు దాటి పొర్లే నదిని లొంగదీసినవాడు అన్న మాట కావేరి ఒడ్డున కంటే మా పాపఘ్ని ఒడ్డునే ఇంకా గట్టిగా తగిలి ఉంటుంది.

మూడో కన్ను

అక్కణ్ణుంచి కథ పెరిగింది. తర్వాతి తెలుగు చోడుల శాసనాల్లో ఒక బిరుదావళి మళ్ళీ మళ్ళీ వస్తుంది: "చరణ సరోరుహ విహత విలోచన త్రిలోచన ప్రముఖాఖిల పృథివీశ్వర కారిత కావేరీ తీర కరికాల కుల". గట్టు పనికి రాజులందరినీ పిలిపించాడట, మూడు కళ్ళ పల్లవుడు త్రిలోచనుడి కన్ను పోగొట్టాడట. మన కైఫీయతుల్లో (ఊళ్ళ పాత చరిత్రల రాతల్లో) ముక్కంటి కాడువెట్టి అని వినిపించే పల్లవుడు ఇతనే.

మాలెపాడు శాసనంలో ఈ పల్లవుడు లేడు. ఉండడానికి వీల్లేదు కూడా. పుణ్యకుమారుడి వంశంలో పేర్లు చూడండి: నందివర్మ, సింహవిష్ణు, మహేంద్రవిక్రమ. అన్నీ పల్లవుల ఇంటి పేర్లు. పల్లవులు బలంగా ఉన్నంతకాలం వాళ్ళ పేర్లు పెట్టుకున్నారు. పల్లవులు పోయాక, వాళ్ళ మూలపురుషుడి కన్ను పొడిచిన తాత పుట్టాడు. తాత మారలేదు, మనవళ్ళ ధైర్యం పెరిగింది.

12వ శతాబ్దం మొదట్లో కళింగత్తుప్పరణిలో ఈ కథ తమిళంలో దొరుకుతుంది. గట్టు పనికి రాని ముకరి అనే రాజు బొమ్మ గీయించి, "ఇది ఎక్కువ కన్ను" అని బొమ్మలో తుడిచేస్తే అక్కడ అతని కన్ను పోయిందట. ఆ కావ్యం ఎవరి కొలువులోదో గుర్తుచేసుకోండి. కులోత్తుంగ చోళుడిది. అంటే మన రాజమహేంద్రవరం రాజరాజ నరేంద్రుడి కొడుకుది. కథ అటునుంచి ఇటొచ్చిందో ఇటునుంచి అటుపోయిందో నేను చెప్పలేను గానీ, తెలుగు తమిళాల మధ్య గోడ కట్టుకుని దీన్ని చదవడం కుదరదు. సింహళం వాళ్ళదీ ఒక పాయ ఉంది: చోళరాజు పన్నెండు వేలమందిని చెరపట్టుకుపోయి కావేరి పనిలో పెట్టాడని తర్వాతి గ్రంథాలు చెప్తాయి. పాత మహావంశంలో ఆ ముక్క లేదు.

ఇదంతా వింటే "అయితే కరికాలుడు గట్టు కట్టలేదంటావా?" అని పెద్దనాయన అడుగుతాడు. నేనలా అనడం లేదు. కట్టించి ఉండొచ్చు. కానీ కరికాలుడు మనవాడని చెప్పుకోవడానికి తపన పడేవాళ్ళు, మన చేతిలో నిజంగా ఉన్నదాన్ని వదిలేసి లేనిదాని వెంట పడుతున్నారు. మనదగ్గరున్నది కరికాలుడి జ్ఞాపకం. అతను పోయిన ఐదారు వందల ఏళ్ళకి, వేరే నది ఒడ్డున, వేరే భాషవాళ్ళని ఏలుతూ ఒక వంశం ఆ జ్ఞాపకాన్ని రాగిమీద చెక్కించింది. తమిళులకి అది చేదుగా ఉండాల్సిన పని లేదు. మనకి అది తక్కువా కాదు.

కల్లణైతో అసలైన తెలుగు చుట్టరికం ఇంకోటుంది, అది ఫార్వర్డుల్లో ఎక్కడా కనపడదు. ఆర్థర్ కాటన్ కావేరి మీద పనిచేశాడు. 1836కల్లా కొళ్ళిడం మీద ఎగువ ఆనకట్ట వేశాడు. లోతు తెలియని వదులు ఇసకలో పునాది నిలబెట్టడం ఎలాగో ఈ దేశపు పాత పనివాళ్ళ కట్టడాల్లోనే నేర్చుకున్నామని తర్వాత తనే ఒప్పుకున్నాడు. ఆ విద్యతోనే 1847లో ధవళేశ్వరం మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడు. గోదావరి జిల్లాల్లో కాటన్ పేరు సంకల్పంలో చెప్పుకునేవాళ్ళున్నారు. ఆయన చెప్పుకున్న గురువులు ఇసకలో రాళ్ళు దింపుతూ కల్లణైని నిలబెట్టిన పనివాళ్ళు. మా అత్తగారి ఊరు కోనసీమ. అక్కడి వరిచేలో నిలబడితే కావేరి ఇసక పాఠం కాళ్ళకింద ఉందనిపిస్తుంది నాకు. దానికి కరికాలుడు తెలుగువాడు కానక్కర్లేదు.

కుమ్మరామె మాట

టీచరమ్మ చివర్లో వినిపించిన చిన్న పాట పురనానూరు అనే పాత తమిళ పాటల సంపుటంలో 66వది. రాసింది వెణ్ణిక్కుయత్తియార్, వెణ్ణి ఊరి కుమ్మర స్త్రీ. తన ఊరి పొలాల్లోనే యుద్ధం జరిగింది. ఓడిన చేరరాజు వీపున గాయమైందని సిగ్గుపడి, ఉత్తరముఖంగా కూర్చుని తిండి మాని ప్రాణం విడిచాడు. ఆవిడ గెలిచినవాడి ఎదుట నిలబడి అన్నది నా మాటల్లో ఇది: గాలిని పనికి పెట్టుకుని నడిసంద్రంలో ఓడలు నడిపినవాడి వంశం వాడా, కరికాల వళవా, గెలిచావు, నీ బలం చూపించావు, కానీ నీకంటే మంచివాడు అతనే కదా, వెణ్ణి దగ్గర పడ్డ గాయానికి సిగ్గుపడి పేరు మిగుల్చుకుని ఉత్తరానికి కూర్చున్నవాడు?

గెలిచిన రాజు మొహం మీద ఒక కుమ్మరామె అన్న మాట అది. దాన్ని ఎవరూ చెరపలేదు, కరికాలుడి పేరుతోనే దాచిపెట్టారు. ఏ ఆనకట్ట కంటే నాకు అతని కాలం మీద గౌరవం పెంచింది ఇదే. మన తెలుగు చోడుల బిరుదావళుల్లో ఇలాంటి గొంతు ఒక్కటీ దొరకలేదు నాకు. వాటిల్లో అందరూ పాదాల దగ్గరే ఉంటారు.

ఇదంతా పెద్దనాయనకి ఫోన్ చేసి చెప్పాను. గ్రూపులో రాస్తే గొడవవుతుందని. ఆయన చాలాసేపు ఊ కొట్టాడు. త్రిలోచనుడి దగ్గర నవ్వాడు, కుమ్మరామె దగ్గర ఏమీ అనలేదు. చివరికి, "అది సరే గానీ నాయనా, మాలెపాడు మన కమలాపురం పక్కనే గదా. ఎప్పుడన్నా పోయి చూసినావా?" అన్నాడు.

చూడలేదన్నాను.

"సంక్రాంతికి రా, పోదాం. ఆ టీచరమ్మను గూడా పిలుచుకొని రా" అన్నాడు.